గోళీలతో సహా అసలు ధ్వని

పింక్ ఫ్లాయిడ్ బృందం 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్‌ను 1973 మార్చిలో విడుదల చేసింది. లండన్ అబే రోడ్ స్టూడియోలో, 16 ట్రాకుల టేపు మీద, అలన్ పార్సన్స్ ఇంజనీరుగా తయారైన ఆ రికార్డు 1988 దాకా బిల్‌బోర్డ్ జాబితాలో మొత్తం 741 వారాలు ఉంది. అన్ని వారాలూ జనం విన్నది అసలు ధ్వని కాదట, పాపం. ఆ లోటు తీర్చడానికి 1992లో రీమాస్టర్ చేశారు. 2003లో ముప్పయ్యేళ్ల పండక్కి మళ్లీ తీర్చారు. 2011లో ఇంకోసారి, 2023లో యాభయ్యేళ్ల పెట్టెతో మరోసారి తీర్చారు. ఈ వ్యాపారంలో ప్రకటనల సారం ఎప్పుడూ ఒకటే: స్టూడియోలో కళాకారులు విన్నదే ఇప్పుడు మీరూ వింటారు. ఈ మాట నిజమైతే మొన్న అమ్మింది అసలు కాదు. మొన్న చెప్పిన మాట నిజమైతే ఇవాళ కొనక్కర్లేదు. ఏదో ఒకటి ఒప్పుకోవలసిన చోట మన చేతికి బిల్లు వస్తుంది. ఏటా పండక్కి గోడకు సున్నం పూయడం మంచి అలవాటే, కానీ పూత పూసిన ప్రతిసారీ 'ఇదిగో, అసలు గోడ బయటపడింది' అంటేనే నవ్వొస్తుంది.

ఇంతకీ రీమాస్టర్‌లో జరిగేదేమిటి? గిటారునూ డ్రమ్మునూ గొంతునూ విడదీసి మళ్లీ కలపడం కాదు, అది రీమిక్స్. ఎప్పుడో కలిపేసిన స్టీరియో టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించి, హెచ్చుతగ్గులు సవరించి, కొత్త అచ్చు తీయడం రీమాస్టర్. జాగ్రత్తగా చేస్తే ఉపయోగమే. చిక్కంతా లిమిటర్ దగ్గర వస్తుంది. పెద్ద శబ్దాల తలలు నరికి, మిగతాదంతా పైకి లేపితే వినగానే 'అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో' అనిపిస్తుంది. ఒకే పాటను రెండు స్థాయిల్లో వినిపిస్తే బిగ్గరగా ఉన్నదే బాగుందనుకోవడం మనిషి చెవి బలహీనత. కొత్తది మేలని నిరూపించడానికి అంతకన్నా చవకైన సాక్ష్యం దొరకదు. సీడీలో నిశ్శబ్దానికీ గర్జనకూ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల చోటుంది, వినైల్ రికార్డు కంటే చాలా ఎక్కువ. అంత పెద్ద ఇల్లు కట్టి, కాపురం మాత్రం అటక మీద పెడుతున్నారు. ఈ ఆల్బమ్ మొదలయ్యేదే వినీ వినబడని గుండె చప్పుడుతో. 'టైమ్'లో గడియారాలు ఒక్కసారిగా మోగి ఉలిక్కిపడేలా చేస్తాయి. ముందున్న నిశ్శబ్దాన్ని పైకి లేపేస్తే ఇక ఉలికిపాటు ఎక్కడిది?

2003 డిస్కు ఈ విషయంలో తన మీద తానే సాక్ష్యం చెప్పింది. ఒకే డిస్కులో రెండు పొరలు: కొత్త సాంకేతికతతో వచ్చిన ఎస్ఏసీడీ ఒకటి, మామూలు సీడీ ఒకటి. రెండూ కొలిచి చూసిన ఒక ఆడియో పత్రిక, సీడీ పొరను ఎక్కువగా నొక్కి బిగ్గరగా చేశారని తేల్చింది. అప్పుడు ఎస్ఏసీడీ పొర మెరుగ్గా వినిపించిందంటే గొప్పతనం కొత్త సాంకేతికతదా, పక్కనున్నదాన్ని నొక్కేసిన చేతిదా?

2011 ఇమ్మర్షన్ పెట్టెలో ఈ ప్రశ్న అడిగే తీరిక కూడా ఇవ్వలేదు. అందులో డిస్కులతో పాటు మూడు గోళీలు, ఒక స్కార్ఫ్, గ్లాసుల కింద పెట్టుకునే తొమ్మిది బిళ్లలు పెట్టారు. అసలు కన్నా వడ్డీ ముద్దని ఊరికే అనలేదు. 2024లో వచ్చిన పారదర్శక వినైల్ ఇంకో మెట్టు ఎక్కింది: ఒక వైపు బొమ్మ అచ్చేశారు గనక పాట రెండో వైపే ఉంటుంది. 1973లో ఒక రికార్డులో ఇమిడిన ఆల్బమ్‌కు ఇప్పుడు రెండు రికార్డులు కావలసి వచ్చాయి. ప్రగతి అంటే ఇదే కాబోలు.

టేపులు పాతబడతాయి, తొలినాటి సీడీలు కొన్ని నాసిగానే ఉన్నాయి కదా అంటారు. నిజమే. బీటిల్స్ పాటలను అబే రోడ్‌లో నాలుగేళ్లు కూర్చుని సవరించి 2009లో తెస్తే, 1987 సీడీల కంటే మేలని చాలామంది ఒప్పుకున్నారు. అలాంటి పని ఒకసారి బాగా చేస్తే చాలు, పదేళ్లకోసారి గుర్తు రానక్కర్లేదు. కళాకారుడే దగ్గరుండి చేయించాడుగా అనేది రెండో వాదన. స్టూజెస్ బృందం ఆల్బమ్ 'రా పవర్'ను 1997లో ఆ బృందం గాయకుడు ఇగ్గీ పాప్ స్వయంగా రీమిక్స్ చేశాడు. అది చెవులు పగిలే స్థాయికి చేరింది. 2010లో అదే ఆల్బమ్ పాత డేవిడ్ బౌయీ మిక్స్‌తో తిరిగి అమ్మకానికి వచ్చింది. ఇష్టం లేకపోతే కొనకండి అనేది చివరి వాదన. పాత అచ్చు అంగట్లో ఉంటే ఆ మాట చెల్లేది. స్ట్రీమింగ్‌లో చాలా ఆల్బమ్‌లకు కొత్త రీమాస్టరే దిక్కు. పైగా స్పాటిఫై లాంటి సేవలు పాటలన్నిటినీ ఇంచుమించు ఒకే స్థాయికి దించి వినిపిస్తాయి కాబట్టి, బిగ్గరతనం కోసం చేసిన నొక్కుడుకు లాభం పోయి నష్టమే మిగులుతుంది.

ఈ ఆల్బమ్‌లో సరిదిద్దవలసిన తప్పు ఒకటి నిజంగానే ఉండేది. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో మాటలే లేకుండా పాటంతా గొంతుతో నిలబెట్టిన క్లేర్ టోరీకి అప్పట్లో ఇచ్చింది 30 పౌండ్లు. రచనలో వాటా కోసం ఆమె 2004లో కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరాకే, రచయితగా ఉన్న బృంద సభ్యుడు రిచర్డ్ రైట్ పేరు పక్కన ఆమె పేరూ చేరింది. ఆ సవరణను మాత్రం ఏ వార్షికోత్సవమూ గుర్తు చేయలేదు, లాయరే కావలసి వచ్చాడు.