గ్రామర్ మాస్టారు

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటుంది. ఆయన లెక్కలో అది ప్రాపర్ నౌన్. రిటైరై ఇంటి వసారాలో ట్యూషన్లు మొదలెట్టాక ఊరు ఆ పేరు మరిచిపోయి 'గ్రామర్ మాస్టారు' అనడం మొదలెట్టింది. "ఇది కామన్ నౌనే. కాకపోతే ఊళ్లో ఉన్నది నేనొక్కణ్ణే గనక ముందు 'ద' చేర్చాలి" అని సర్దుకున్నారు.

ఇలాంటి మాస్టార్లు మన జిల్లాల్లో ఊరికొకరు తప్పకుండా ఉంటారు. గుర్తు పట్టడం తేలిక. జేబులో ఎర్ర రీఫిల్ పెన్నుంటుంది. శుభలేఖ చేతికిస్తే ముహూర్తం చూడరు, స్పెల్లింగు చూస్తారు. పెళ్లికెళితే పెళ్లికూతురి కన్నా ముందు వేదిక మీది థర్మకోల్ అక్షరాలు చూస్తారు. ఆ మధ్య ఒక కల్యాణమండపంలో ఇద్దరి పేర్ల మధ్య 'వెడ్స్' అని చూసి పక్కనున్నాయన్ని పొడిచారు. "ఇది సింపుల్ ప్రెజెంట్ టెన్సండీ. అలవాటుగా జరిగే పనికి వాడతాం. సూర్యుడు రోజూ తూర్పున ఉదయిస్తాడు. మరి ఈ అబ్బాయి రోజూ పెళ్లి చేసుకుంటాడా?" పక్కనున్నాయన పెళ్లికొడుకు మేనమామ. మాస్టారికి ఆ పూట రెండో స్వీటు రాలేదు.

ఆయనకు ప్రాణం రెన్ అండ్ మార్టిన్ పుస్తకం. బ్రౌన్ పేపర్ అట్ట, బైండు ఊడితే మళ్లీ బైండు. దాన్ని సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరు అట్ట మీద చూపించి, బంధువైనట్టు మురిసిపోతారు. అయితే అసలు రచయితల్లో ఒకడైన పి.సి. రెన్ 1924లో 'బో జెస్ట్' అనే నవల రాసి లోకమంతా పేరు తెచ్చుకున్నాడని, దాన్ని సినిమాగా కూడా తీశారని ఒక పాత శిష్యుడు చెప్పినప్పుడు ఆయన మొహం వాడిపోయింది. "అంత గ్రామర్ తెలిసినవాడికి కథలు రాసుకునే ఖర్మేమిట్రా!" అని చాలాసేపు బాధపడ్డారు.

సాయంత్రం ఆరింటికి వసారాలో చాపలు పరుస్తారు. పదో తరగతి బ్యాచి.

"సెంటెన్సులెన్ని రకాలు?"

"నాలుగు సార్. అసర్టివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ."

"అంటే?"

"చెప్పేది, అడిగేది, ఆజ్ఞాపించేది, ఆశ్చర్యపోయేది."

"ఊఁ. 'వాట్ ఎ బ్యూటిఫుల్ బర్డ్ ఇట్ ఈజ్!' దీన్ని అసర్టివ్‌లోకి మార్చు."

"ఇట్ ఈజ్ ఎ వెరీ బ్యూటిఫుల్ బర్డ్."

చివర కూర్చున్న ఒక పిల్లకు అనుమానం వచ్చింది. "మరి ఆశ్చర్యం ఏమైంది సార్?"

"'వెరీ'లో సర్దేశాం. ఫుల్‌స్టాప్ మరిచిపోకు, మార్కు పోతుంది."

నౌన్ల దగ్గరకొచ్చేసరికి ఆయనకు హుషారు. అబ్‌స్ట్రాక్ట్ నౌన్ కంటికి కనపడదు, చేతికి అందదు. ఉదాహరణకు, మీ ఫీజు. కలెక్టివ్ నౌన్ అంటే గుంపు. ఫీజు అడిగినప్పుడు గోడ దూకేది. అసలు తంటా మెటీరియల్ నౌన్‌తో వస్తుంది. తెలుగులో పాలు విరిగిపోతాయి, నీళ్లు మరుగుతాయి, బియ్యం ఉడుకుతాయి. అన్నీ బహువచనాలే. ఆ అలవాటుతో పిల్లలు 'మిల్క్ ఆర్' అని రాస్తారు, మాస్టారి ఎర్ర ఇంకు ఖర్చవుతుంది. "ఇంగ్లీషువాడికి చెంబెడు నీళ్లయినా, చెరువెడు నీళ్లయినా 'వాటర్ ఈజ్' అనే అంటాడు. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, వీటికి 'ఎస్' చేర్చినవాడు నా గడప తొక్కద్దు."

ఈ పాఠం కంసాలి కొట్లో కూడా చెప్పారు. "గోల్డ్ అన్‌కౌంటబుల్ అయ్యా. లెక్కకు రాదు." కంసాలి త్రాసు తుడుచుకుంటూ అన్నాడు: "లెక్కకు రాకపోవడమేమిటి మాస్టారూ, గ్రాముకు ఇవాళ్టి రేటెంతో చెప్పనా?"

ఇంట్లో కూడా సడలింపు ఉండదు. ఇంగ్లీషు మీడియం మనవడు బడి నుంచొచ్చి తలుపు కొట్టాడు.

"ఎవరది?"

"ఇట్స్ మీ, తాతయ్యా."

"'బీ' వెర్బ్ తరవాత 'మీ' రాదు. 'ఇట్ ఈజ్ ఐ' అను, తలుపు తీస్తాను."

వాడు పెరటి దారిన వచ్చి బూస్ట్ కలుపుకుని తాగేశాడు. మాస్టారు ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

నవ్వుతాం గానీ, ఆయన చేతి కింద దెబ్బలు తిన్నవాళ్లే ఇవాళ బ్యాంకుల్లో ఉన్నారు, కలెక్టరాఫీసుల్లో ఉన్నారు. డీఎస్సీ కొట్టి తామే మాస్టార్లయినవాళ్లున్నారు. డాలస్‌లో ఉన్నవాళ్లు రాత్రీ పగలూ ఇంగ్లీషులోనే మీటింగులు నడుపుతారట. మాస్టారికి ఫోన్ చేసినప్పుడు మాత్రం అచ్చ తెలుగులో మాట్లాడతారు, భయం.

ఇంతకీ ఆయన సతీమణి గురించి చెప్పాలి. ఆవిడ ఇంగ్లీషు చదువుకోలేదు. పెళ్లయిన నాటి నుంచి భర్తను ఫలానా పని చేయమని ఆవిడ ఆజ్ఞాపించగా ఎవరూ వినలేదు. "వానొచ్చేలా ఉంది" అంటుంది. మాస్టారు డాబా ఎక్కి బట్టలు తెస్తారు. "గ్యాసు బుక్ చేసి ఎన్నాళ్లయింది?" అంటుంది. మాస్టారు ఫోన్ తీస్తారు. "అబ్బ, ఎంత దుమ్మో!" అంటుంది. మాస్టారు కుర్చీ ఎక్కి ఫ్యాను తుడుస్తారు. మొదటిది చెప్పడం, రెండోది అడగడం, మూడోది ఆశ్చర్యం. మూడిటికీ ఫలితం ఒకటే.

మొన్న ట్యూషన్ మధ్యలో వంటింట్లోంచి మాట వినపడింది. "ఉప్పు నిండుకుంది."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టి చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. వెనక వరస పిల్ల చెయ్యెత్తింది.

"సార్, అమ్మగారన్నది ఏ సెంటెన్స్?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. "రూపం చూస్తే అసర్టివ్."

"మరి అర్థం చూస్తే సార్?"

"అది సిలబస్‌లో లేదు" అని సంచీ అందుకున్నారు.