కన్సోల్ ఎప్పుడూ పచ్చగా ఉండాలంటే

ఆఫీసు కంప్యూటర్ల భద్రత మీ నెత్తిన పెట్టారా? వైరస్ ఎక్కడుందో, ప్యాచ్ ఎక్కడ పడలేదో అన్నీ ఒకే తెరమీద చూపించే కన్సోల్ కూడా కొనిచ్చారా? అదృష్టవంతులు. ఇక కంప్యూటర్ల దగ్గరికి వెళ్లే పనే లేదు. తెర పచ్చగా ఉంటే చాలు, మేనేజర్లు చూసేది రంగే.

1. ఎర్రగా కనిపించే కంప్యూటర్‌ని బాగుచేయకండి, లెక్కలోంచి తీసేయండి. ప్రతి కంప్యూటర్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది కబురు పంపితేనే కన్సోల్‌కి ఏదైనా తెలిసేది. 500 కంప్యూటర్లలో 120 సతాయిస్తున్నాయనుకోండి. ఆ 120లో ఏజెంట్ తీసేసి, కన్సోల్ జాబితాలోంచి పేర్లు చెరిపేయండి. మిగిలిన 380కి నూటికి నూరు మార్కులు. అకౌంట్స్ సెక్షన్‌లో విండోస్ 7తో మూలుగుతున్న పాత డబ్బాలతో మొదలుపెట్టండి. మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే దానికి మద్దతు ఆపేసింది, అవి ఇక పచ్చబడేవి కావు. మొత్తం ఎన్ని కంప్యూటర్లున్నాయో రాసిన రిజిస్టర్ ఏదైనా ఉంటే అది మాత్రం ఆడిటర్ కంట పడనివ్వకండి.

2. అలర్ట్ మెయిల్స్ అన్నీ నేరుగా ఒక ఫోల్డర్‌లోకి పోయేలా రూల్ పెట్టండి. ఆ ఫోల్డర్ తెరవకండి. 2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల నెట్‌వర్క్‌లో దొంగ ప్రోగ్రాం దూరితే, నిఘా పరికరం పసిగట్టింది. బెంగళూరులో కాపలా ఉన్న బృందం మినియాపోలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి కబురు పెట్టింది. అక్కడ ఎవరూ కదల్లేదు. దొంగ ప్రోగ్రాంను దానంతటదే తొలగించే సదుపాయాన్ని ముందే ఆపేసుకున్నారు కూడా. దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి, 2014 మేలో సీఈవో దిగిపోయారు. మీరు సీఈవో కాదు కదా, ధైర్యంగా ఉండండి. ఆ సదుపాయాన్ని మీరూ ఈరోజే ఆపేయండి. కబురు చెప్పక తప్పని రోజు వస్తే, పద్నాలుగు మందికి ఒకే మెయిల్ కొట్టండి. పక్కవాడు చూసుకుంటాడని ప్రతివాడూ అనుకుంటాడు.

3. కంప్యూటర్ నెమ్మదించిందని ఎవరు గొణిగినా సీ డ్రైవ్ మొత్తానికి స్కాన్ మినహాయింపు ఇచ్చేయండి. పెద్దసారు లాప్‌టాప్‌కి అడక్కముందే ఇవ్వండి.

4. కన్సోల్‌కి ఒకటే అడ్మిన్ ఖాతా, ఒకటే పాస్‌వర్డ్. అందరికీ చెప్పండి. రేపు ఎవరు ఏం మార్చారని అడిగితే ఎవరి పేరూ తేలదు.

5. సర్టిఫికెట్ల గడువు తీరితే తీరనివ్వండి. అమెరికాలో జనం అప్పుల చిట్టా దాచే ఈక్విఫాక్స్ కంపెనీ 2017లో ఏం చేసిందో చూడండి. రాకపోకలను తనిఖీ చేసే పరికరంలో సర్టిఫికెట్ గడువు దాటి నెలలైనా అంతా ప్రశాంతంగా ఉంది. మే నుంచి రెండున్నర నెలలు దొంగలు లోపలే ఉన్నా ఒక్క అలర్టూ రాలేదు. జులై ఆఖర్లో ఎవరో ఉత్సాహవంతుడు కొత్త సర్టిఫికెట్ వేశాడు, వెంటనే అనుమానాస్పద రాకపోకలు బయటపడ్డాయి. 14 కోట్లకు పైగా జనం వివరాలు పోయాయని ప్రపంచానికి తెలిసిపోయింది. ఆ ఉత్సాహం మీకొద్దు.

6. లాగ్‌లు వారానికోసారి తుడిచేయండి. 180 రోజులు దాచమని, సంఘటన గమనించిన 6 గంటల్లో తెలియజేయమని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. బాగా చదవండి: గమనించిన 6 గంటల్లో. గమనించనివాడికి గడియారం మొదలే కాదు. లాగ్‌లు ఏవని అడిగితే ‘డిస్క్ నిండిపోయింది సార్, కొత్తది కొనమని ఇండెంట్ పెట్టాం’ అనండి. ఇండెంట్ పెట్టారా లేదా అని వెతికేవాడు పుట్టలేదు.

7. నెలవారీ రిపోర్టుకి పోయిన నెలది తెరిచి తేదీ మార్చండి. అంకెలన్నీ అవే ఉంటే అనుమానం వస్తుంది, ఒకటి రెండు చోట్ల పాయింట్ మూడు పెంచండి. గుండ్రటి పై-చార్ట్ ఒకటి పెద్దదిగా పెట్టండి. ప్రశ్న వస్తే ‘వెండార్‌కి టికెట్ వేశాం’, మళ్లీ వస్తే ‘నెట్‌వర్క్ టీమ్ చూస్తోంది’, మూడోసారి ‘ఆడిట్ అవ్వనివ్వండి సార్’. ఈ మూడూ ఇదే వరుసలో చెప్పాలి.

8. బ్యాకప్ సర్వర్‌కి ఏజెంట్ వేయకండి, దాన్ని ఎవరు చూస్తారు?

రేపు పొద్దున సీట్లో కూర్చోగానే మొదటి చిట్కా అమలుచేయండి. శుక్రవారం సాయంత్రానికి తెర మొత్తం పచ్చబడుతుంది. స్క్రీన్‌షాట్ తీసి పైవాళ్లకు పంపి, ఫోన్ కట్టేసి ఇంటికి వెళ్లండి.