తూర్పు ముఖం, పదికి పది

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇల్లు కొనే పద్ధతిని గమనిస్తే, వాస్తుశాస్త్రం సముద్రం దాటిన తరువాత ఒక అధ్యాయాన్ని అదనంగా సంపాదించుకున్నదని తేలుతుంది. పాత అధ్యాయాలు ఈశాన్యం పెరగడం, ఆగ్నేయంలో పొయ్యి, వీధిపోటు మొదలైన వాటిని చర్చించగా, కొత్త అధ్యాయం ఇంటి చిరునామా ఏ హైస్కూలు పరిధిలో పడుతుందన్న ఒకే ఒక ప్రశ్నను చర్చిస్తుంది. టెక్సస్ రాష్ట్రంలో డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్లేనో, ఫ్రిస్కో పట్టణాలు ఈ విద్యకు పుణ్యక్షేత్రాలు. అక్కడ బిడ్డ కడుపులో ఉండగానే పన్నెండో తరగతికి అనుకూలమైన వీధి నిర్ణయమైపోతుంది, పేరు సంగతి తీరిగ్గా బారసాల నాటికి చూసుకుంటారు.

ఈ శాస్త్రంలో ప్రవేశించదలచినవారు ముందుగా రెండు పారిభాషిక పదాలు తెలుసుకోవాలి. మొదటిది ‘ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్’, పొడి అక్షరాలలో ఐఎస్‌డీ. ఇది ఎన్నికైన బోర్డు, సొంత ఆస్తిపన్ను, ఊరి పొలిమేరతో నిమిత్తం లేని సొంత హద్దులు కలిగి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. రెండోది ‘అటెండెన్స్ జోన్’, అంటే ఫలానా వీధుల పిల్లలు ఫలానా బడిలోనే చదవాలని ఆ బోర్డు పటం మీద గీసే గీత. హైదరాబాదులో కార్పొరేట్ బడి ఫీజు అడుగుతుంది కాని చిరునామా అడగదు. మియాపూరు నుంచైనా ఎల్బీనగర్ నుంచైనా పిల్లవాణ్ణి తన పసుపు బస్సులో తెచ్చుకుంటుంది. టెక్సస్ ప్రభుత్వ బడి ఫీజు అడగదు, చిరునామాయే అడుగుతుంది, అందుచేత ఫీజు వెళ్లి ఇంటి ధరలో కూర్చుంటుంది. 1999లో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త మసాచుసెట్స్ శివార్లలో ప్రాథమిక పాఠశాలల హద్దుగీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి చూసి, పరీక్ష మార్కులు అయిదు శాతం ఎక్కువగా ఉన్న వైపు ఇంటికి తల్లిదండ్రులు రెండున్నర శాతం ఎక్కువ చెల్లిస్తున్నారని లెక్క తేల్చారు. ‘ఉచిత విద్య’ అనే మాటకు ముప్ఫై ఏళ్ల వాయిదాలలో చెల్లించే విద్య అనే అర్థం అక్కడ ఆ విధంగా స్థిరపడింది.

గీతకు ఏ వైపున ఉండాలో చెప్పేది రేటింగు. గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ప్రతి బడికీ ఒకటి నుంచి పది వరకు ఇచ్చే ఈ అంకె, ఇళ్ల అమ్మకాల ప్రకటనలలో పడకగదుల సంఖ్య పక్కనే కనిపిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, హద్దుగీతలు చాలాచోట్ల నడివీధి మీదుగా పోతాయి. ఉత్తర దక్షిణాలుగా సాగే ఒక వీధిని ఊహించుకుంటే, దానికి తూర్పున ఉన్న వరుస పదికి పది వచ్చిన బడి పరిధిలో ఉంటుంది గాని ఆ ఇళ్లన్నీ పడమటి ముఖానివే. పడమటి వరుసలోని ఇళ్లకు తూర్పు సింహద్వారం సలక్షణంగా ఉంటుంది గాని వాటి బడికి వచ్చింది ఏడే. ఇటువంటి ధర్మసంకటంలో అనకాపల్లిలో ఉన్న మామగారిని, ఆయన ద్వారా అక్కడి సిద్ధాంతిగారిని వీడియో కాల్‌లో సంప్రదించడం, సిద్ధాంతిగారు చివరకు తూర్పు వరుసకే అనుమతి ఇవ్వడం ఆచారం. కారణం సుస్పష్టం: పడమటి ముఖానికి మత్స్యయంత్రం ఉంది, ఏడు రేటింగుకు ఏ శాస్త్రంలోనూ శాంతి చెప్పలేదు.

ఇంతకూ ఆ అంకె దేనిని కొలుస్తుందన్నది విద్యావేత్తలకు చాలాకాలంగా తెలిసిన సంగతే. ఆ అంకెకు ఒక ఆధారమైన సగటు మార్కులు ఉపాధ్యాయుల నైపుణ్యం కంటే తల్లిదండ్రుల ఆదాయాన్ని, చదువును ఎక్కువగా ప్రతిబింబిస్తాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ రియర్డన్, సగటును పక్కనపెట్టి, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు ఎంత ముందుకు వెళ్లారో కొలిచి 2017లో ప్రకటించినప్పుడు, పేద పిల్లలతో నిండిన షికాగో ప్రభుత్వ బడులు అయిదేళ్లలో ఆరేళ్ల చదువు చెబుతున్నాయని బయటపడింది. ఆ వార్త చదివి ఫ్రిస్కోలో ఇల్లు అమ్ముకుని షికాగోకు తరలిన తెలుగువారి గురించి ఏ పత్రికా రాయలేదు. పిల్లవాడు ఎంత నేర్చుకుంటాడన్నది తరువాతి ప్రశ్న, వాడి పక్కన ఎవరి పిల్లవాడు కూర్చుంటాడన్నది ముందు ప్రశ్న కావడమే దీనికి కారణం.

కొన్న గీత కొన్నచోట ఉంటుందన్న హామీ కూడా లేదు. ఫ్రిస్కో ఐఎస్‌డీ తన హైస్కూళ్లు చిన్నవిగా ఉండాలని, ఒక్కొక్క దానిలో సుమారు 2,100 మందికి మించరాదని నియమం పెట్టుకున్నది. ఆ నియమం వల్ల 2022 నాటికి అక్కడ పన్నెండు హైస్కూళ్లు వెలిశాయి, కొత్త బడి తెరిచినప్పుడల్లా పాత జోన్లను తిరిగి గీయవలసి వచ్చింది. సొంత ఊరి గ్రామసభలో ఏనాడూ నోరు విప్పని పెద్దమనుషులు, ఇటువంటి గీతల ప్రతిపాదన వచ్చిన సాయంత్రం బోర్డు సమావేశానికి టై కట్టుకుని వెళ్లి, కేటాయించిన కొద్ది నిమిషాలలో బాల్య స్నేహాల పవిత్రతను గురించి గద్గదస్వరంతో ప్రసంగిస్తారు. ఆస్తి విలువ అనే మాట ఆ ప్రసంగాలలో పొరపాటున కూడా దొర్లదు.

గీత దాటినవారికి శిక్ష కూడా ఉంది. తాతగారి ఇంట ఉండి చదువుకోవడం తెలుగునాట తరతరాల మర్యాద. ఒహాయో రాష్ట్రంలోని అక్రన్‌లో మాత్రం, తన తండ్రి చిరునామా చూపి కూతుళ్లను పొరుగు డిస్ట్రిక్ట్ బడిలో చేర్చిన ఒక తల్లి 2011లో నేరస్థురాలిగా తేలి తొమ్మిది రోజులు జైలులో గడిపింది. డిస్ట్రిక్టుల బడుల మధ్య నిధుల అంతరానికి రాజముద్ర అంతకుముందే పడింది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరపు పేద డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు ఆస్తిపన్ను మీద ఆధారపడిన బడి నిధుల పద్ధతి అన్యాయమని వాదించగా, అమెరికా సుప్రీంకోర్టు 1973లో అయిదుగురికి నలుగురి తీర్పుతో ఆ పద్ధతి రాజ్యాంగ సమ్మతమే అన్నది. తరువాత రాష్ట్ర సుప్రీంకోర్టు అడ్డుపడడంతో, సంపన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత భాగాన్ని ఇతరులకు మళ్లించే చట్టం 1993లో వచ్చింది. దానికి టెక్సస్ ప్రజలు పెట్టిన పేరు రాబిన్ హుడ్.

ఈ శాస్త్రంలోని అసలు హాస్యరసం చివరి ప్రకరణంలో ఉంది. 1997లో టెక్సస్ శాసనసభ, ఏ హైస్కూలులోనైనా తరగతిలో మొదటి పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో నేరుగా ప్రవేశం ఇవ్వాలని చట్టం చేసింది. అందరూ కోరుకునే, ఆస్టిన్ నగరంలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి తరువాత మినహాయింపు లభించి, 2026 ప్రవేశాల నుంచి ఆ వాటా అయిదు శాతానికి తగ్గింది. 2,100 మంది ఉన్న హైస్కూలులో ఒక తరగతికి సుమారు 525 మంది అనుకుంటే, అందులో అయిదు శాతం పాతికమంది చిల్లర. ఆ పాతిక స్థానాల కోసం పోటీపడేవారు వేరెవరో కాదు, అదే అంకె చూసి అదే వీధిలో ఇల్లు కొన్నవారి పిల్లలే. పొరుగింటి పిల్లవాడి తెలివి కోసం అదనంగా డబ్బు చెల్లించిన కుటుంబం, ఆ తెలివికే తన పిల్లవాడి ర్యాంకును సమర్పించుకుంటుంది. ఒకవేళ అయిదు శాతంలో పడినా, చట్టం హామీ ఇచ్చేది విశ్వవిద్యాలయంలో సీటుకే గాని కంప్యూటర్ సైన్సులో సీటుకు కాదు. కొందరు టెక్సస్ కుటుంబీకులు ఈ లెక్క గ్రహించి పోటీ తక్కువ ఉన్న హైస్కూలును ఎంచుకున్నారని కల్లెన్, లాంగ్, రీబ్యాక్ అనే ఆర్థికవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. కాని మూడు రేటింగు బడి పక్కన ఇల్లు కొన్నామని వాట్సాప్ గ్రూపులో గృహప్రవేశం ఫొటోలు పెట్టగల ధైర్యం ఏ ఆర్థిక సూత్రానికీ లొంగదు.

మంచి బడి ఇళ్ల ధరను పెంచితే, పెరిగిన ధర చిన్నపిల్లలున్న కుటుంబాలను దూరంగా నెడుతుంది. ఒక తరం కిందట ఇదే ఆశతో వలసవచ్చినవారితో నిండిన ప్లేనోలో, జననాల తగ్గుదలకు ఇళ్ల ధరల పెరుగుదల తోడై పిల్లల సంఖ్య పడిపోగా, అక్కడి బోర్డు 2024లో నాలుగు బడులను మూసివేయాలని తీర్మానించింది. కనుక ఇల్లు కొనదలచినవారు సగటు మార్కులను కాక, పిల్లలు ఏడాదికి ఎంత ముందుకు వెళుతున్నారన్న లెక్కను అడగడం మేలు; అది దొరకని పక్షంలో పడకగదులు సరిపోతాయో లేదో చూసుకోవడం చాలు. జిల్లా పరిషత్ హైస్కూలులో చదివి టెక్సస్ చేరుకున్నవారు, బడి రేటింగు లేకుండా మనిషి ఎదగడన్న సిద్ధాంతానికి తామే తిరుగులేని ఖండన.