క్వారీ గుట్టల మీద సైకిల్: తప్పుగా వినిపించే సలహాలు

ముందు టైర్లో గాలి తగ్గించండి.

కూకట్‌పల్లిలో ఏ పంక్చర్ షాపుకెళ్ళినా ఈ మాట ఒప్పుకోరు. మొన్న హౌసింగ్ బోర్డులో నా టైరు నొక్కి చూసిన మెకానిక్ "ఇంత మెత్తగుంటే ఎట్ల పోతదన్నా? నింపుతా ఆగు" అంటూ పంపు అందుకున్నాడు. రోడ్డు మీదైతే ఆయన మాటే రైటు. జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ దాకా తారు మీద పోవడానికి గట్టి టైరే సుఖం. రాయదుర్గం దాటి ఖాజాగూడ బండలెక్కగానే లెక్క మారిపోతుంది. గట్టి టైరు రాయి మీద ఎగురుతుంది. మెత్తటి టైరు రాయి ఆకారానికి ఒదిగి దాన్ని పట్టుకుంటుంది. మనిషి డెబ్భై కిలోలుండి, టైరు రెండంగుళాల పైన వెడల్పుండి, లోపల ట్యూబు ఉంటే 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. వెనక టైర్లో ఒకటి రెండు ఎక్కువ. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అప్పుడు కాస్త పెంచుకోండి. చేతిపంపు వెంట ఉంటే ఇంటికొచ్చేటప్పుడు మళ్ళీ నింపుకోవచ్చు.

ఇక్కడి నేల తెలియకుండా మిగతావి చెప్పినా అర్థం కావు. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఎండకీ వానకీ పొరలు పొరలుగా విడిపోయి, గింజ గింజగా రాలి మొరం అవుతుంది. ఒకసారి వంగి గుప్పెట్లోకి తీసుకుని చూడండి. జొన్నగింజంత పలుకులు, కొన్ని తెల్లవి, కొన్ని లేత గులాబీవి, మధ్యలో తళుక్కుమనే అభ్రకం. నున్నటి బండ మీద ఇవి పల్చగా పరుచుకున్న చోట చక్రం బేరింగు గుళ్ళ మీద ఉన్నట్టే. నేను పడ్డవన్నీ దాదాపు అలాంటి చోట్లే.

అందుకే రెండో సలహా ముందు బ్రేకు గురించి. అద్దె సైకిళ్ళ మీద నేర్చుకున్న రోజుల్లో "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావ్" అని అందరికీ చెప్పారు. నేను ముందు బ్రేకే పట్టమంటున్నాను. వాలు దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే బలం అక్కడే ఉంటుంది. తేలికైపోయిన వెనక చక్రం పట్టీ పట్టగానే బిగుసుకుని జారిపోతుంది. పల్టీ కొట్టేది బ్రేకుని ఒక్కసారిగా గుంజడం వల్ల, సీటు మీద నిటారుగా కూర్చోవడం వల్ల. ఒక్క వేలితో, చెంచాతో నూనె వంచినంత మెల్లగా పట్టండి. నడుము సీటు వెనక్కి, మడమలు కిందికి. మలుపుకి ముందే, గట్టి నేల మీద ఉండగానే వేగం తగ్గించుకోవాలి. మొరంలోకి దిగాక, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దు. 1976లో కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు పాత సైకిళ్ళ మీద కొండ దిగే పందెం మొదలుపెట్టారు. వాటికి వెనక్కి తొక్కితే పట్టే బ్రేకులుండేవి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు మాడిపోయేది, మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది. వెనక బ్రేకునే నమ్ముకుంటే ఏమవుతుందో వాళ్ళు అప్పుడే చూశారు.

అడ్డమొచ్చిన రాయి వైపు చూడకండి. కళ్ళు ఎటుంటే సైకిల్ అటే పోతుంది. రాయి పక్కన వెళ్ళాల్సిన జానెడు దారినే చూడండి.

సీటు దించండి. కాళ్ళు నేలకి అందని ఎత్తు రోడ్డుకి మంచిదే గానీ గుట్ట దిగేటప్పుడు కాదు.

సోలార్ ట్రాకు మీద ఆరు నెలలు తొక్కి, దమ్ము పెంచుకుని గుట్టలకి రమ్మని కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళున్నారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాకు నాకూ ఇష్టమే. కానీ గుట్ట మీద కావలసింది దమ్ము కన్నా ముందు నిలకడ. మీ వీధిలో ఖాళీ ప్లాటు చూసుకుని, నడక కన్నా నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా, గుండ్రంగా తొక్కడం నేర్చుకోండి. అక్కడ పల్లేరుకాయలు ఉండనే ఉంటాయి కాబట్టి ట్యూబులో సీలెంటు పోయించుకోవడమూ అలవాటవుతుంది. అడవి దారుల్లో సర్కారు తుమ్మ ముళ్ళకి కూడా అదే మందు.

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి నచ్చదు. కుప్పలెక్కకండి. క్వారీకి వెళ్ళేదే వాటి కోసం కదా అంటారు. క్రషర్ మూసేసి వెళ్ళిపోయాక మిగిలిన డస్టు, కంకర, ముక్కరాళ్ళు కొండల్లా కనిపిస్తాయి గానీ అవి కొండలు కావు. లారీ నుంచి ఒంపిన కంకర దొర్లి దొర్లి, సుమారు 35 నుంచి 40 డిగ్రీల వాలు దగ్గర ఆగుతుంది. జారకుండా నిలబడగలిగిన ఆఖరి వాలు అదే. ఆపైన మీ బరువు, సైకిల్ బరువు పెడితే మళ్ళీ కదులుతుంది. వానలకి లోపలి సన్న డస్టు కొట్టుకుపోతే పై పొర మాత్రం గట్టిగా కనిపిస్తుంది, కింద బోలుగా ఉంటుంది. గాజులరామారం వైపు ఒక పాత క్వారీలో రెండేళ్ళ కింద నా ముందు చక్రం అలాంటి అంచులో హబ్బు దాకా దిగిపోయింది. నేను లోపలి వైపు పడ్డాను కాబట్టి బతికాను. పడి లేచాక కూడా ఆ అంచు నుంచి రాళ్ళు గలగలా కిందికి పోతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మరి ఎక్కడ తొక్కాలి? కుప్పల మధ్య లారీలు తిరిగిన దారుల్లో. లోడు లారీలు ఏళ్ళ తరబడి తొక్కి దిమ్మిస కొట్టినట్టు చేసిన నేల అది, వాలు కూడా లారీ ఎక్కగలిగినంతే ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు సైకిల్ పక్కన పెట్టి దారంతా నడవండి. అంచుకి వరసగా నేలలో పగులు కనిపిస్తే వెనక్కి తిరగండి. కాపలా మనిషి ఉంటే అడిగే వెళ్ళండి. పని నడుస్తున్న క్వారీ వైపు అసలు పోవద్దు.

క్వారీ గుంతలో నీళ్ళు ఎంత పచ్చగా, ఎంత నిమ్మళంగా ఉన్నా కాళ్ళు కడుక్కోవడానికైనా దిగకండి. చెరువుకి ఒడ్డుంటుంది. గుంతకి ఉండదు, ఒక అడుగు తర్వాత నిలువు గోడే. నగరం చుట్టూ ఇలాంటి గుంతల్లో పిల్లలు మునిగిపోయారన్న వార్త లేని వానాకాలం నాకు గుర్తులేదు. మీ వెంట పిల్లలుంటే క్వారీ వద్దు, కొత్తగూడలోని పాలపిట్ట సైక్లింగ్ పార్కుకి తీసుకెళ్ళండి. చెట్ల మధ్య దారి, నీడ, భయం లేదు.

గోదావరిఖని నుంచి, మణుగూరు నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో ఉంటున్న కుర్రాళ్ళు "మా దగ్గర ఇంతకన్న పెద్ద గుట్టలున్నయన్నా" అంటుంటారు. వాళ్ళు చెప్పేది ఓబీ డంపుల గురించి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి, రాళ్ళు. సింగరేణి వాటి మీద చెట్లు నాటింది, దూరం నుంచి పచ్చగా అడవిలాగే ఉంటాయి. కానీ ఆ మట్టిలో బొగ్గు తునకలు మిగిలి ఉంటే లోపల తమంతట తామే వేడెక్కి రాజుకోగలవు. పైగా అది గని స్థలం, అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. ఊరికెళ్ళినప్పుడు సరదాగా ఎక్కుదామనుకునే తమ్ముళ్ళకి నా మాట ఒక్కటే, వద్దు.

గనుల దిబ్బల మీద సైకిల్ తొక్కడమే తప్పని నేననను. అమెరికాలో మిన్నెసోటాలోని కైయూనాలో ఇనుప గనులు మూతపడి దశాబ్దాలు గడిచాక, ఆ ఎర్రమట్టి దిబ్బల మీద 2011లో సైకిల్ దారులు తెరిచారు. వేల్స్‌లో బ్లైనై ఫెస్టినియోగ్ పలకరాళ్ళ గనుల దగ్గర 2012లో తెరిచారు. అలాంటి చోట్ల వాన నీరు ఎటు పోవాలో చూసి, రాళ్ళు పేర్చి, మట్టి దిమ్మిస కొట్టి దారి వేస్తారు. మన క్వారీలకీ అలాంటి దారులు వెయ్యవచ్చు. గుంతలకి కంచె కట్టి, లారీ దారులని బాగుచేస్తే చాలు, పని మొదలైనట్టే. మున్సిపాలిటీ వాళ్ళని మనం అడగాలి, అడుగుతూనే ఉండాలి.

ఖాజాగూడ గుట్ట మీద దర్గా ఉంది, గుడి ఉంది. అక్కడ దిగి నడవండి. ఆ బండల్ని కాపాడుకోవడానికి 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు పోరాడుతున్నారు. బండ మీద కొత్త దారి గీయకండి, పొదలు నరకకండి.

కొత్త సైకిల్ ఇప్పుడే కొనకండి. వెనక స్ప్రింగున్న చవక సైకిల్ అసలే వద్దు, బరువు తప్ప ఏమీ ఇవ్వదు. ఆ డబ్బులతో ముందు మంచి హెల్మెట్, చేతి గ్లౌజులు, కొత్త బ్రేకు ప్యాడ్లు కొనండి. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్ళండి. మెడలో ఒక విజిల్ వేసుకోండి. క్వారీ అడుగున చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు.