శంషాబాదు సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

దుర్బోధములైన గ్రంథములకే వ్యాఖ్యానములు పుట్టునని లోకులు తలతురు గాని, అనుభవజ్ఞులు చెప్పునది వేఱు. చదివినంతనే తెలిసినట్లు తోచి, తీరా పెట్టె చేతబట్టుకొని నడువబోవు వేళ ఒక్క ముక్కయు నర్థముగాని వాక్యములకే వ్యాఖ్యాత యక్కఱ యధికము. అట్టి వాక్యములలో నగ్రగణ్యమైన దొకటి, విమానాశ్రయముల కరపత్రములయందును, ప్రారంభోత్సవ ప్రసంగములయందును, పెద్దల పత్రికాప్రకటనలయందును ఏదో యొక రూపమున మనకు తఱచు వినవచ్చుచుండును. దీనికి కర్త యెవ్వరో తెలియదు. ఇది వేదమువలె నపౌరుషేయమనియే నా నమ్మకము. ఏలయన, దీనికి బాధ్యుడను నేనని యొప్పుకొన్న పురుషుడు నేటివఱకు కానరాలేదు.

మెదకు సీమలోని కొలచలమున, అనగా నేటి కొల్చారమున, పుట్టిన మన మల్లినాథసూరి మూలము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసికొని మహాకావ్యములకు టీకలు రచించెను. అందు మొదటి ప్రతిజ్ఞ నాకును సమ్మతము. రెండవదానికి మల్లినాథుని యంతటి నిగ్రహము కావలెను గనుక దానిని ఆయనకే విడిచిపెట్టుచున్నాను.

మూలము

విశ్వస్థాయి విమానాశ్రయమునుండి నగరము నలుమూలలకును నిరంతర రవాణాసౌకర్యము కలదు.

టీక

'విశ్వస్థాయి' యనునది స్పష్టము. 'సౌకర్యము' స్పష్టము. 'నిరంతర' మిక్కిలి స్పష్టము. కఠినస్థలము లెదురైనప్పుడు స్పష్టమని వ్రాసి దాటిపోవుట వ్యాఖ్యాతలకు తరతరములుగా సంక్రమించిన హక్కు. దానిని నేనేల వదలుకొనవలెను?

'విమానాశ్రయము' అనగా నిచట శంషాబాదునందలిది. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములన్నియు నిచటికి తరలినవి. నగరమధ్యమునకు దీనికి సుమారు 24 కిలోమీటర్ల దూరము. ఇందొక చమత్కారమున్నది. బేగంపేట విమానాశ్రయము ఊరి నడుమ నుండెను. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనప్పుడు బేగంపేట స్టేషను దానికి చేరువనే యుండుటచేత, చేతిసంచితో దిగినవాడు రైలెక్కి లింగంపల్లికో సికింద్రాబాదునకో పోగలిగిన యదృష్టము ఈ యూరికి పట్టినది. ఆ యదృష్టమున కైదేండ్లు నిండకమునుపే విమానములు వెడలిపోయినవి. పిదప 2017 నవంబరులో మెట్రోరైలు వచ్చి సరిగా నా బేగంపేటలోనే యొక స్టేషను కట్టుకొన్నది. విమానములున్ననాడు మెట్రో లేదు, మెట్రో వచ్చిననాడు విమానములు లేవు. కారణ మొకచోటను కార్య మింకొకచోటను ఉండుటను ఆలంకారికులు అసంగతి యందురు. కావ్యమున నది యలంకారము. పురపాలనమున నేమనవలెనో వారు చెప్పలేదు.

శంకా సమాధానములు

ఊరికి దూరముగా విమానము దిగుట దోషమే కదా యని శంక. కాదని సమాధానము. ప్రమాణ మాదికావ్యము.

రావణవధానంతరము శ్రీరాముడు లంకనుండి పుష్పకమెక్కి బయలుదేఱెను. అది విశ్వకర్మ నిర్మించినది, కుబేరునకు చెందినది, రావణుడు బలిమిని హరించినది. వానరులందఱును, విభీషణుడును, ఆతని మంత్రులును ఎక్కినను ఒకరినొకరు ఒఱసికొనక సుఖముగా కూర్చుండిరని వాల్మీకి స్పష్టముగా చెప్పుచున్నాడు. నిలుచుండి ప్రయాణము చేసినవారి ప్రసక్తి యందు లేదు. కిష్కింధ కనబడగానే సీతమ్మ కోరికపై విమానము నాపి వానరస్త్రీలనుగూడ నెక్కించుకొనిరి. చేయెత్తినచోట నాపుట యను మన బస్సుల యాదర్శమునకు ఇంతకంటె ప్రాచీనమైన దృష్టాంతము నేనెఱుగను. ఈ ప్రయాణమునే కాళిదాసు రఘువంశమున పదమూడవ సర్గయందు మఱల పట్టుకొని, క్రింద కనబడు సముద్రమును, తాము కష్టసుఖములనుభవించిన వనములను రాముడు సీతకు చూపుచుండగా, విమాన మాతని మనస్సునకు తగినట్లు ఎత్తు హెచ్చుచు తగ్గుచు సాగినట్లు వర్ణించెను. మల్లినాథుడు దానికి సంజీవని వ్రాసెను. ప్రయాణికుని మనస్సు నెఱిగి నడచు వాహనమును వర్ణించుటలో కవికిని, వ్యాఖ్యాతకును ఎంత యుత్సాహము కలిగెనో ఆ సర్గ చదివినవారికి తెలియును.

ఇంత దూరము వచ్చిన పుష్పకము అయోధ్యలో రాజమందిరపు ముంగిటనే దిగవలసినది గదా! దిగలేదు. అయోధ్యకు క్రోశమాత్ర దూరముననున్న నందిగ్రామమున, భరతుడు తపస్వివేషమున నిరీక్షించుచున్న చోట దిగినది. అచటనే రాముడు దానిని విడిచి, కుబేరుని యొద్దకు పొమ్మని పంపివేసెను. ఊరివెలుపల విమానము దిగి, అచటినుండి వేఱొక వాహనముపై నగరమునకు పోవుట యను సంప్రదాయమునకు నందిగ్రామమే మూలస్థానము.

అయితే అచట జరిగిన క్రమమును కొంచెము నిదానముగా పరిశీలింపవలెను. విమానము రాకమునుపే హనుమంతుడు వచ్చి, వచ్చువారెవ్వరో, ఎప్పుడు దిగుదురో భరతునకు చెప్పియున్నాడు. ఆ వార్త వినగానే శత్రుఘ్నుడు పనివారిని పిలిపించి, అయోధ్యకును నందిగ్రామమునకును నడుమనున్న దారిలో ఎత్తుపల్లములు సరిచేయించి, చల్లని నీరు చల్లించి, పూలు పఱపించి, పతాకము లెత్తించినాడు. రాముడు దిగి స్నానాలంకారములు ముగించునప్పటికి సుమంత్రుడు రథము తెచ్చి నిలిపినాడు. పగ్గములు భరతుడే పట్టినాడు, శత్రుఘ్నుడు గొడుగు పట్టినాడు, లక్ష్మణుడు వీవన వీచినాడు. ఇది రాజుగారి మాట, రాజులకేమి లోటనవచ్చును. కాని వాల్మీకి అంతటితో నాగలేదు. వెంటవచ్చిన వానరులు మనుష్యరూపములు దాల్చి 9000 ఏనుగులపై నెక్కి నగరమునకు పోయిరని వ్రాసినాడు. ఆ సంఖ్యను కవిసహజమైన యతిశయోక్తి యని కొట్టివేయువారు కొట్టివేయుదురు గాక. విమానము దిగిన వారిలో రాజొక్కడే కాడనియు, తక్కినవారును ఊరు చేరవలసినవారే యనియు ఆదికవికి తోచినదని మాత్రము కొట్టివేయజాలరు. ఒక్కొక్క యేనుగుపై నెందఱెక్కిరి, అవి నగరద్వారము దాటి యెచట నాగినవి, తిరిగి నందిగ్రామమునకు పోయినవా లేదా యను విషయములను వాల్మీకి విపులముగా చెప్పియుండిన బాగుండెడిది. చెప్పియుండిన, ప్రజారవాణాశాస్త్రమునకు మనవారే ప్రథమాచార్యులని చెప్పుకొనుట కెవ్వరికిని అడ్డుండెడిది కాదు.

ప్రకృత మనుసరింతము.

మన రోడ్డురవాణా సంస్థవారును విమానాశ్రయపు బస్సులకు పుష్పక్ అని పేరిడిరి. వీనిలో కొన్ని 2019 నుండి విద్యుత్తుతో నడుచుచున్నవి. పేరును జూచి నవ్వుట సులభము గాని నేను నవ్వను. ఏలయన మూలవాక్యమందలి 'కలదు' అను క్రియ నేడు నిలిచియున్నదన్నచో, అది ముఖ్యముగా నా బస్సుల చక్రములమీదనే.

'కలదు' అను క్రియనుగూర్చి

తార్కికులు అభావమును నాలుగు విధములుగా విభజించిరి. ఈ నాలుగింటికిని శంషాబాదు దారిలో ఉదాహరణములు దొరకుట విద్యార్థులకు మహోపకారము.

మొదటిది ప్రాగభావము. అనగా పుట్టబోవు వస్తువు పుట్టకమునుపటి లేమి. దీనికి ఆది లేదు, అంతము మాత్రము కలదు. నాగోలునుండి ఎల్.బి.నగరు, చాంద్రాయణగుట్టల మీదుగా విమానాశ్రయమునకు రావలసిన మెట్రో మార్గ మిందుకు దృష్టాంతము. దాని కాగితములు ఢిల్లీకి పోయినవి. అంతము కలదని శాస్త్రము చెప్పుచున్నది గనుక నమ్మవలెను.

రెండవది ప్రధ్వంసాభావము. ఉండిన వస్తువు నశించిన పిమ్మటి లేమి. 2022 డిసెంబరు 9న రాయదుర్గమునుండి విమానాశ్రయమునకు 31 కిలోమీటర్ల మెట్రోకు, 6,250 కోట్ల రూపాయల యంచనాతో శంకుస్థాపన జరిగినది. మఱుసటి డిసెంబరులో ప్రభుత్వము మాఱినది, దారియు మాఱినది. పట్టాలు పుట్టనిదే ధ్వంసమెట్లని తార్కికు లడుగుదురు. నశించినది పట్టాలు కావు, మాట. మేఘసందేశమున యక్షుడును మేఘునితో చుట్టుదారియైనను సరే ఉజ్జయిని మీదుగా పొమ్మనెను. దారి మార్చుట తప్పు కాదు. పాతనగరపు ప్రజలకు మెట్రో చేరుననిన నాకు సంతోషమే. కాని యక్షుడు మేఘమునకు దారి చెప్పినది ఒక్కమాఱు. ఏలుబడి మాఱినప్పుడెల్ల మేఘమును వెనుకకు పిలిపింపలేదు.

మూడవది అత్యంతాభావము. మూడు కాలములయందును లేనిది. ఎం.ఎం.టి.ఎస్. రైలు విమానాశ్రయమునకు వచ్చునని చిరకాలము వింటిమి. 2023 ఏప్రిలులో అది ఫలక్‌నుమానుండి ముందుకు సాగి ఉందానగర్ వఱకు వచ్చినది. అచటనే నిలిచినది. అచటినుండి విమానాశ్రయము సుమారు 6 కిలోమీటర్లు. అరువది కాదు, ఆఱు. ఆ యాఱింటి నడుమ పట్టాలు లేవు. ఎదురుకోలుకు పొలిమేరదాక వచ్చి, పెండ్లివారిని చూడకయే వెనుకకు మఱలిన మేళమువలె రైలు ప్రతిదినమును ఆ స్టేషనునుండి తిరిగి పోవుచున్నది. చెన్నపట్టణమున విమానాశ్రయమున కెదుటనే తిరుసూలము రైలుస్టేషనున్నది. ఢిల్లీలో 2011లోనే విమానాశ్రయమునకు ప్రత్యేకముగా మెట్రో మార్గము వేసిరి. మనకు మాత్రము ఆఱు కిలోమీటర్లు వేదాంతమైనవి.

నాలుగవది అన్యోన్యాభావము. ఒకటి మఱియొకటి కాకుండుట. బస్సు రైలు కాదు, రైలు మెట్రో కాదు. ఒకదాని టికెట్టు మఱియొకదానికి చెల్లదు. ఇంతకంటె నిర్దుష్టమైన యుదాహరణము తర్కసంగ్రహమునకు టీక వ్రాసినవారికి గూడ దొరకియుండదు.

ఇట్లు నాలుగు విధములైన లేమిని ఒక్క 'కలదు' మోయుచున్నది.

అధికారి నిరూపణము

ప్రతిశాస్త్రమునకును అధికారి యుండవలెను. అనగా ఆ శాస్త్రము చదివి ఫలము పొందుట కర్హుడైనవాడు, ఆఫీసరని భ్రమపడరాదు. మన సూత్రమునకు అధికారి యెవ్వడు?

తేలిక సంచి గలవాడు, పగటిపూట దిగినవాడు, పోవలసినచోటు బస్సుదారిలోనే యున్నవాడు, ఆలస్యమైనను అడుగువారు లేనివాడు ఒక యధికారి. సొంతకారు గలవాడు మఱియొకడు, ఉత్తమాధికారి. వానికొఱకు మన యేలినవారు ఎంత వేగముగా పనిచేసిరో చూడుడు. విమానాశ్రయము తెఱచినది 2008 మార్చి. మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వఱకు 11.6 కిలోమీటర్ల పొడవున, ఊరి తలపై వంతెనదారి వేసి పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టి తెఱచినది 2009 అక్టోబరు. రెండేండ్లయినను పట్టలేదు. శత్రుఘ్నుడు సంతోషింపదగిన వేగము. చక్రములు సొంతమైనవానికి రెండేండ్లలో నాకాశమున దారి లేచినది. చక్రములు లేనివానికి పదునైదేండ్లకు రైలు ఉందానగర్ చేరినది.

అధికారి కానివాని మాట యిప్పుడు చెప్పవలసియున్నది. ఈ విమానాశ్రయమున దిగువారిలో దుబాయినుండియు, దమ్మామునుండియు, దోహానుండియు వచ్చు మన కరీంనగర, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు సీమల కూలివారు వేలకొలది కలరు. తెల్లవారుజామున దిగు గల్ఫు విమానములలో సగము వరుసలు వీరివే యన్నట్లుండును. ఒక్కొక్కనికి త్రాటితో బిగించి కట్టిన అట్టపెట్టె, దానిపై పెద్ద యక్షరములతో వ్రాసిన పేరు, ఊరు. వీరు పోవలసినది బంజారాహిల్స్ కాదు. ఊరికి దక్షిణపు కొసనున్న శంషాబాదునుండి, నగరమంతయు దాటి, ఉత్తరమున సికింద్రాబాదు జె.బి.ఎస్.కు చేరి, అచట తమ సీమకు పోవు బస్సు పట్టుకొనవలెను. మెట్రో యర్ధరాత్రి నిద్రించి ఉదయ మాఱింటికి గాని మేల్కొనదు. మేల్కొన్నను విమానాశ్రయమునకు రాదు. వచ్చినను అందు సామానునకు కొలతలున్నవి, ఆ త్రాటిపెట్టె వానికి లొంగదు. కనుక ఊరినుండి అన్నయో, బావయో జీపు మాట్లాడుకొని రాత్రియంతయు ప్రయాణము చేసి వచ్చి, రాకపోకలకు తామే కిరాయి పెట్టుకొని తీసికొనిపోవుదురు. ఎడారిలో కూడబెట్టిన సొమ్ములో మొదటి వ్యయ మదియే. విమానాశ్రయపు రుసుము వాని టికెట్టులోనే ముందుగా వసూలైనది. పన్నెవరికైనను ఒకటే; దారి మాత్రము రెండు విధములు.

ఇచట నేను హాస్యమును మఱచితినని యెవ్వరైన నన్నచో కాదనను. మల్లినాథుడైనను ఈ స్థలమున స్పష్టమని వ్రాసి దాటిపోయి యుండడు.

తాత్పర్యము

విమానాశ్రయము దూరముగా నుండుట దోషము కాదు. పెరుగు పట్టణమున కది తప్పదు. బస్సులు చాలవనుటయే దోషము కాదు. ఉన్నవి ఉన్నంతలో బాగుగనే నడుచుచున్నవి. దోషము క్రమమునందున్నది. మొదట విమానము, పిదప కారుదారి, పిదప శిలాఫలకము, పిదప ఇంకొక ప్రణాళిక, వీని చివర ఎప్పుడో రైలు అను క్రమమును పాటించి, ఆ వరుసలోని కడపటిదానిని మొదటిదానివలె ఉపన్యసించుటయే యీ సూత్రకర్తలు చేసిన యపచారము. రైలు వేయుటకు ధనము లేదన్న వినవచ్చును, సమయము పట్టునన్న నోర్చుకొనవచ్చును. ఉన్నదని చెప్పి పెట్టెతో నిలువబెట్టుట మాత్రము ఓర్వరానిది.

మెట్రో వచ్చునంతవఱకు చేయదగిన చిన్న పని యొకటి కలదు. తెల్లవారుజామున గల్ఫు విమానములు దిగు వేళకు, అడుగున పెద్ద పెట్టెలు పట్టు బస్సులు విమానాశ్రయమున సిద్ధముగా నుండి, జె.బి.ఎస్.లో కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు బస్సులతో వేళలు కుదుర్చుకొని, ఒకే టికెట్టుపై మనిషిని ఊరుదాక చేర్చవలెను. దీనికి కావలసినవి కొన్ని బస్సులు, ఒక వేళలపట్టిక, దానిని వ్రాయగల గుమాస్తా యొకడు. శంకుస్థాపన యక్కఱలేదు.