పన్ను పీకించుకోవడానికీ మత్తేనా!

ఏమర్రా, పన్ను పీకించుకోవడానికి ఇంత తతంగమా? మా మనవరాలికి జ్ఞానదంతం తీయాల్సొస్తే, ముక్కుకి గ్యాస్ పెట్టమంటారా, మాత్ర ఇమ్మంటారా, నరానికి ఇంజెక్షన్ చెయ్యమంటారా అని అడిగారట. హోటల్లో ఇడ్లీయా దోసెయా అని అడిగినట్టు!

మా రోజుల్లో పన్ను సలిపితే ముందు దాని కింద లవంగం. తగ్గకపోతే ఉప్పునీళ్ళు పుక్కిలించడం, ఆపైన లవంగనూనెలో తడిపిన దూది. అప్పటికీ నిద్ర పట్టకపోతే మేనమామ చెయ్యి పట్టుకుని బస్సెక్కించేవాడు. టౌన్లో పళ్ళ డాక్టరుగారి గదిలో కాలితో తొక్కే మిషను ఒక మూల, గాజు సిరంజి మరిగే గిన్నె ఒక మూల. ఆ గిన్నె చప్పుడుకే సగం ప్రాణం పోయేది. కానీ ఆయన తొందరపడేవాడు కాదు. మీ చెరువు నిండిందిట్రా, ఏ క్లాసు, లెక్కల మేష్టారెవరు అని ఆరా తీస్తూ కూర్చునేవాడు. మామయ్య చెయ్యి భుజం మీద ఉండేది. మన భయం కాస్త దిగిందనుకున్నాకే ఆయన పటకారు పట్టేవాడు. ఇప్పుడంత సేపు మాట్లాడే డాక్టరెక్కడ? బయట బెంచీ మీద పదిమంది, చేతిలో టోకెన్లు.

ముక్కుకి పెట్టే ఈ లాఫింగ్ గ్యాస్ ఇప్పుడేదో కొత్తగా వచ్చిందనుకునేరు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు ఒక ప్రదర్శన చూశాడు. అక్కడ ఆ గ్యాస్ పీల్చినవాడికి కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియలేదు. మర్నాడే వెల్స్ అదే గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. కొత్తది ముందు తన మీదే ప్రయోగించుకున్నాడు చూడండి, అదీ వైద్యుడంటే!

మన హైదరాబాదు సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. అప్పట్లో మత్తుకి ఇచ్చే క్లోరోఫామ్ మనిషిని ఎలా చంపుతుందో తేల్చడానికి 1888లో, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఖర్చుకి ఆరో నిజాం వెనకాడలేదు. వాటిని నడిపించిన డాక్టర్ లారీ, మత్తిచ్చేవాడి కన్ను రోగి ఊపిరి మీదే ఉండాలని పట్టుబట్టాడు. దానితో గుండెకి నేరుగా ముప్పు లేదన్న ఆయన తీర్పు పూర్తిగా నిలబడలేదు గానీ ఊపిరి మాట మాత్రం ఇవాళ్టికీ నిజమే. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూంజీ అనే డాక్టరమ్మ ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇచ్చేది. ఇప్పుడా కన్ను పోయి, వేలికి తగిలించే క్లిప్పు వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మనిషి కంటికన్నా ముందే అది పసిగడుతుందట. పోనీ, అది మంచిదే, ఒప్పుకుంటాను. కానీ క్లిప్పు మోగినప్పుడు లేచి చూసే మనిషి కూడా పక్కనుండాలి కదా!

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా పెద్దమ్మ పటకారుకి భయపడి పుచ్చుపన్నుని ఏళ్ళతరబడి దాచుకుంది. ఒక పక్కనే నమిలేది. దవడ వాచి, జ్వరమొచ్చి, నోరు తెరవలేని స్థితిలో బండి మీద తీసుకెళ్ళారు. డాక్టరు మాటలు ఆమె చెవికెక్కలేదు. అలాంటి వాళ్ళకి ఈ గ్యాస్ ఉంటే ఎంత బాగుండేదో! పీలుస్తూనే మెలకువగా ఉంటారు, పిలిస్తే పలుకుతారు. చివర్లో కాసేపు ఉత్త ఆక్సిజన్ పెడితే తేరుకుంటారు. మాత్ర అలా కాదు, ఆ రోజంతా మగతగా ఉండొచ్చు, బండి నడపకూడదు. నరానికిచ్చే మందుతో చాలామందికి ఆ గంట జ్ఞాపకమే ఉండదు. అయినా ఇవన్నీ ముఖ్యంగా భయానికేనర్రా. నొప్పి తెలియకుండా చిగురులో ఇంజెక్షన్ మామూలే.

కాబట్టి భయమేస్తే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. బీపీ, షుగరు, ఉబ్బసం, రాత్రి నిద్రమాత్రలు, మందు అలవాటు, ఏదీ దాచకండి. పొట్ట ఎన్ని గంటలు ఖాళీగా ఉంచాలో ముందురోజే అడగండి. డాక్టరు మీ పంటి మీద పనిలో ఉన్నప్పుడు మీ ఊపిరి చూసేదెవరో కూడా అడగండి, మొహమాటం వద్దు. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. ఇంట్లో మాలాంటి పెద్దవాళ్ళు ఖాళీగానే కూర్చుంటారు, వెంట తీసుకెళ్ళండి.