ఏం కాదులేప్పా!

మొదటి జాగ్రత్త: భయపడకండి. రెండో జాగ్రత్త: భయపడేవాళ్లతో మాట్లాడకండి. ఈ రెండూ పాటించగలిగితే మిగతా చిట్కాలు చదవకపోయినా నష్టం లేదు. అయితే ఉచితంగా సలహా చెప్పే అవకాశాన్ని వదులుకున్న మనిషిని నందికొట్కూరులో నేనింతవరకూ చూడలేదు. ఆ చెడ్డపేరు నాకెందుకు?

మనది కరువుసీమ. మనం ఎరిగిన ఆపద ఒకటే, వాన రాకపోవడం. దానికి చేయాల్సినవన్నీ మన పెద్దలు ఎప్పుడో చేసేశారు. 1876 నాటి ధాత కరువు కథలు విని పెరిగినవాళ్లు జొన్నలు పాతరల్లో పోసుకున్నారు, గరిసెలు కట్టుకున్నారు, ఆకులూ అలములూ ఏవి తినొచ్చో పిల్లలకు నేర్పారు. అంతటి ముందుచూపు ఉన్న వంశంలో పుట్టాం. ఇక మనం విడిగా చూడాల్సిందేముంది?

మా వీధిలో ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. ఆమెకు మాత్రం ఈ నమ్మకం లేదు. ఆమె ఏం చేస్తుందో చూసి దానికి ఎదురు చేస్తే చాలు, మీరు ధైర్యవంతులైపోతారు.

వరదతో మొదలుపెడదాం. ఎవరైనా వరద మాట ఎత్తితే నవ్వండి. "నందికొట్కూరుకు నీళ్లు ట్యాంకర్లో రావాల్సిందే" అనండి. సంగమేశ్వరం గుడి మనకు కూతవేటులో ఏటేటా నెలల తరబడి శ్రీశైలం నీళ్లలో మునిగే ఉంటుందనీ, వేసవికి గానీ బయటపడదనీ ఎవరన్నా గుర్తుచేస్తే, అది దేవుడి విషయం, మన విషయం కాదని చెప్పండి. 2009 అక్టోబర్ 2 సంగతి తీస్తే మాత్రం కాస్త జాగ్రత్తగా జవాబివ్వాలి. ఎందుకంటే ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలును ముంచాయి, చాలా పేటల్లో కింది అంతస్తులు కనబడలేదు, మంత్రాలయం మునిగింది. శ్రీశైలం డ్యామ్ గేట్ల నుంచి వదలగలిగేది 13 లక్షల క్యూసెక్కుల చిల్లర. వచ్చిపడింది దాదాపు 25 లక్షలు. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్లు 896 దాకా ఎక్కాయి. ఇవన్నీ విన్నాక తొణక్కుండా అనాల్సిన మాట ఒకటుంది: "అది వందేండ్లకొకసారి వచ్చేది. వచ్చిపోయింది. ఇంక మన మనవల కాలానికే."

వందేండ్ల వరద అంటే ప్రతి ఏడూ నూటికి ఒక వంతు అవకాశం అనీ, నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడు రాకూడదని దానికేం కట్టుబాటు లేదనీ, ఒకే ఇంట్లో నలభై ఏండ్లు కాపురం చేస్తే దాన్ని చూసే అవకాశం మూడింట ఒక వంతు ఉంటుందనీ టీచరమ్మ లెక్క వేసి చూపిస్తుంది. లెక్కల టీచర్లను అంగళ్ల దగ్గర కూర్చోనివ్వకూడదు.

కడప వైపు బంధువులుంటే వాళ్ల మాటా వినొద్దు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద పడింది. అక్కడివాళ్లూ కరువు మనుషులే. అంతకు ముందురోజు దాకా వాళ్లూ మన మాటే అనుకొని ఉంటారు. అయినా వాళ్లది వేరే జిల్లా కదా.

ఖాళీ చేయమని మైకులో చెప్పినా కదలొద్దు. కదిలితే ఇంట్లో దొంగలు పడతారు. మెడలోతు నీళ్లలో ఈదుకుంటూ వచ్చి మన ఇరవై ఏండ్ల నాటి టీవీని ఎత్తుకుపోయే దొంగలు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నట్టున్నారు, ప్రతి ఇంటి పెద్దా వాళ్ల గురించే చెబుతాడు. బర్రెను ఎక్కడికీ పోకుండా రెండు ముడులేసి కట్టేయండి. తాడు విప్పితే అది ఈదుకుంటూ ఏ గట్టుకో చేరిపోతుంది, తర్వాత వెతుక్కోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల టెన్త్ మార్కుల మెమోలు బీరువా అడుగు అరలోనే ఉండనివ్వండి. టీచరమ్మ వాటిని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి సంచిలో వేసి, సంచిని తలుపు వెనక మేకుకు తగిలించింది. మందుల చీటీ, టార్చిలైటు, కొంచెం చిల్లర డబ్బు, ఒక ఈల కూడా అందులోనే పెట్టిందట. ఈల ఎందుకమ్మా అంటే, గొంతు పోయాక కూడా ఊదొచ్చు అంటుంది. ఈ వయసులో ఈల!

వంక పొంగినప్పుడు బైకు ఆపడం పిరికితనం. నీళ్లు మోకాలి దాకా కూడా రావు. పారే నీళ్లు అడుగులో సగముంటే మనిషి కాళ్లు నిలవవనీ, అడుగు, రెండడుగులైతే కారే తేలిపోతుందనీ అంటారు గానీ, అది మామూలు మనుషులకు. మీ వెనక కూర్చున్న ఇల్లాలు "వద్దప్పా, తిరిగి పోదాం" అంటే మాత్రం తప్పకుండా దాటాలి. ఆమె ముందు వెనక్కి తిప్పితే జన్మంతా ఎత్తిచూపుతుంది.

ఇక పాము. ఇది నాకు బాగా ఇష్టమైన అధ్యాయం, ఎందుకంటే ఇందులో ఊరంతా డాక్టర్లే.

చేలో కరిచినా, నిద్రలో కరిచినా ముందు చేయాల్సింది పామును వెంబడించడం. అది మీ చేతికి చిక్కితే రెండోసారి కరిచే వీలు దానికీ కలుగుతుంది. పామును సీసాలో వేసి ఆసుపత్రికి తీసుకుపోతే తప్ప మందు వేయరని నమ్మండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటికీ కలిపి ఒకటే ఇంజెక్షన్ మన సర్కారు ఆసుపత్రుల్లో వాడతారనే సంగతి పట్టించుకోకండి. కాటు పైన గోచీతాడు గట్టిగా బిగించండి, కాలు నల్లబడేదాకా. తర్వాత బ్లేడుతో కోయండి. బ్లేడు గడ్డం గీసుకున్నదే అయినా ఫరవాలేదు. నోటితో పీల్చేందుకు పంటి చిగుళ్లు చెడినవాణ్ని పిలిస్తే ఒకేసారి ఇద్దరు రోగులు తయారవుతారు.

అప్పుడు మంత్రగాడి దగ్గరికి పోవాలి. ఆయన చాలా గొప్పవాడు, పదిమందిని తీసుకుపోతే ఎక్కువమందిని బతికిస్తాడు. కరిచిన పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. ఉన్నవి కూడా కొన్నిసార్లు విషం దింపకుండానే కాటేస్తాయి. జెర్రిపోతు కరిచినవాణ్ని బతికించడానికి మంత్రం కూడా అక్కర్లేదు, పసరు చాలు, పసరు లేకపోయినా చాలు. ఆ బతికినవాళ్లంతా జీవితాంతం ఆయన గురించి చెబుతారు. బతకనివాళ్లు ఎవరికీ చెప్పరు. మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేలమంది చనిపోయారని 2000 నుంచి 2019 దాకా లెక్కలు తీసిన అధ్యయనం ఒకటి తేల్చింది. అంతమంది మాట్లాడకుండా ఉండబట్టే మంత్రగాడి పేరు నిలిచింది.

కట్లపాము సంగతి వేరుగా చెప్పాలి. అది మర్యాదస్తురాలు. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కరిచినా పెద్దగా నొప్పి పెట్టదు, వాపు ఉండదు. కాబట్టి దోమో చీమో కుట్టిందనుకొని మళ్లీ పడుకోండి. తెల్లారేసరికి కడుపునొప్పి వస్తే రాత్రి తిన్న సంకటి మీదకు తోసేయండి. కనురెప్పలు వాలిపోతుంటే నిద్ర చాలలేదనండి. మాట ముద్దగా వస్తుంటే, మింగడం కష్టమైతే, ఇంకో గంట చూద్దాం అనండి. అప్పటికీ ఆసుపత్రికి చేర్చి కృత్రిమ శ్వాస పెడితే, చచ్చిపోయాడనుకున్న మనిషి కూడా లేచి కూర్చునే అవకాశం ఉంది. కాబట్టి ఆలస్యం బాగా చేయాలి. టీచరమ్మ నేలమీద పడుకున్నా దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపుతుంది. ఆమె మనవడికి ఒకసారి చేలో కాటు పడితే తాడు కట్టనివ్వలేదు, కోయనివ్వలేదు. కాలి పట్టీ తీసేసి, విరిగిన కాలికి కట్టినట్టు రెండు కర్రముక్కలు కట్టి, నడవనీయకుండా మోయించి, 108లో నేరుగా ఆసుపత్రికి చేర్చింది. పిల్లోడు బతికాడు గానీ ఒక్క మంచి కథా లేకుండా పోయింది. అంగడి దగ్గర చెప్పుకోవడానికి ఏముంది అందులో?

అన్నట్టు 108 ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోన్ చేసినప్పుడు ఊరు, వీధి, గుర్తుగా గుడో బడో చెప్పొద్దు. "మా ఇల్లు ఎవర్నడిగినా చెబుతారు" అని పెట్టేయండి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. మీరూ పోతే ఉరుములప్పుడే పోండి. మెరుపు వెలుగులో వజ్రం బాగా కనబడుతుంది. వాన పెద్దదైతే పొలం మధ్య ఒంటరి వేపచెట్టు కింద చేరండి, పక్కన ఇంకో నలుగురుంటే మరీ మంచిది, పిడుగుకు ఒకే చోట పని తెమిలిపోతుంది. దామిని అని ఒక యాప్ ఉంది, చుట్టుపక్కల ఎక్కడ పిడుగు పడబోతోందో ముందే చెబుతుంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకుంటే రీల్స్ చూడడానికి చోటు తగ్గుతుంది.

ఎండల్లో కూలిపని చేసే మనిషి ఒళ్లు పొయ్యిలా కాలుతూ పిచ్చిమాటలు మాట్లాడితే, అది వడదెబ్బ కాదు, తాగి వచ్చాడనుకోండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయండి, అది ఈ వేడిని తగ్గించదు గనుక మనసుకు తృప్తి. నీడకు చేర్చడం, బట్టలు వదులుచేసి ఒళ్లంతా నీళ్లు చల్లి విసరడం, ఇవి చాలా చవకైన పద్ధతులు, నలుగురిలో బాగుండవు.

బావుల గురించి ఒక్కమాట. పాతకాలంవాళ్లు జొన్న పాతర తెరిచాక వెంటనే దిగేవాళ్లు కాదు. కాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి, అది ఆరిపోకపోతేనే మనిషిని దించేవాళ్లు. పనీపాటా లేకపోబట్టి. మనకంత తీరిక లేదు. ఇంజన్ నడిచిన బావిలోకో, ఏండ్లుగా తెరవని సెప్టిక్ ట్యాంకులోకో నేరుగా దిగండి. లోపలికి పోయినవాడు పలకకపోతే వాడి తమ్ముణ్ని దించండి, తమ్ముడూ పలకకపోతే బావమరిదిని. నడుముకు తాడు కట్టుకొని దిగడం, 101కు ఫోన్ చేసి ఫైరింజన్ వచ్చేదాకా పైనే ఆగడం, ఇవన్నీ అన్నదమ్ముల మధ్య ప్రేమ లేని ఇళ్లలో చేసేవి.

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే ముందు లైటు వేసి చూడండి, చీకట్లో ఏం కనబడుతుంది? స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయమని సిలిండర్ మీద ఎంత రాసినా, రాసింది చదివే అలవాటు మనకెక్కడిది? చెయ్యి కాలితే టూత్‌పేస్ట్. ఇరవై నిమిషాలు కుళాయి కింద చెయ్యి పెట్టడానికి మన కుళాయిలో అంతసేపు నీళ్లుంటాయా అని అడగండి. ఈ ఒక్కచోట నా వాదన కొంచెం బలంగానే ఉంది. అందుకే కాబోలు టీచరమ్మ ఒక బిందెడు నీళ్లు ఎప్పుడూ పక్కన మూసిపెడుతుంది.

చివరగా మందుల పెట్టె. ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలి, మా ఇంట్లోనూ ఉంది. అందులో తేదీ దాటిన జ్వరం మాత్రలు, మూత పోయిన అయోడిన్, ఎవరి కాలికో వాడి దాచిన బ్యాండేజీ, సెల్లు లేని టార్చి ఉన్నాయి. పిల్లలు ముట్టకుండా దానికి తాళం వేశాను. తాళంచెవి ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. పొద్దున కోడలు అడిగింది, "మామా, మీరు ఊరికి పోయినప్పుడు ఎవరికన్నా ఏమన్నా అయితే?" అని.

"నేను లేనప్పుడు ఏం కాదులేమ్మా" అని చెప్పి బస్సెక్కాను.